ఎర్రచందనం బొమ్మలు: మూడో నెల

ఈ నెల ఒక్క జతే దొరికింది, కానీ ఇప్పటిదాకా కొన్న మూడు జతల్లో నా ప్రాణం దీని మీదే. చిత్తూరులో ఒక పాత సామాన్ల అంగడిలో ఇత్తడి చెంబుల వెనక గోనెసంచిలో ఉన్నాయి, రాజా రాణీ. పక్కపక్కన నిలబెడితే రాణి అర అంగుళం పొట్టి. "రెండూ వేరే వేరే జతలవి" అని అంగడాయనే రేటు తగ్గించి 1,800కి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి బోర్లించి చూశాక అర్థమైంది. రాజు పీట అడుగున ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి, రాణి పీట మాత్రం నున్నగా, ఒక పక్కకి వాలి ఉంది. అరగదీశారు! మా అవ్వ కూడా అంతే, మాకు దెబ్బ తగిలి వాపొస్తే కొలువు బొమ్మని దించి, సానరాయి మీద నీళ్లు చల్లి అరగదీసి ఆ ఎర్రటి గంధం పట్టేసేది. ఈ రాణి ఎంతమంది పిల్లల మోకాళ్లకి అరిగిందో! కింద చెక్క అతికించి ఎత్తు సమం చేయమని మా తమ్ముడు చెప్తూనే ఉన్నాడు, నేను మాత్రం చేయను.

అసలుదో కాదో ముందు బరువులోనే తెలుస్తుంది. ఎర్రచందనం చేవ, అంటే మాను లోపలి గట్టి ఎర్ర చెక్క, నీళ్లలో మునిగేంత బరువు, ఆరంగుళాల రాజు వంటింటి కాటాలో 170 గ్రాములు తూగాడు. మామూలు చెక్కకి రంగేసినవి చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా ఉంటాయి.

పోయిన నెల ఒక తప్పు చేశాను. రెండో జతని స్పిరిట్‌తో తుడిచాను, దూది ఎర్రబడుతుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాను. తీరా చూస్తే ఈ చెక్క రంగు నీళ్లలో కరగదు గానీ స్పిరిట్‌లో కరుగుతుంది, బొమ్మ భుజం మీద వెలిసిన మచ్చ ఉండిపోయింది. ఇప్పుడు నగల గాడుల్లో పొడి టూత్‌బ్రష్, పైన గట్టిగా పిండిన తడిగుడ్డ, ఒక రోజు నీడలో ఆరాక పల్చగా తేనెమైనం, అంతే. కొబ్బరినూనె వద్దు, జిడ్డుకి దుమ్మంతా పట్టేస్తుంది.

అమెరికాలో ఉన్న మా అక్క ఒక జత అడిగింది. ఎర్రచందనం 1995 నుంచి సైట్స్ (అరుదైన మొక్కలు, జంతువులతో దేశాల మధ్య జరిగే వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉంది, సూట్‌కేసులో పెట్టి పంపే వస్తువు కాదని చెప్పాను. వందేళ్లు దాటిన కళాఖండాలకి 1972 నాటి చట్టం కూడా ఉంది, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. నేను కొనేది ఇంట్లో ఉంచుకోవడానికే అయినా బిల్లు అడిగి తీసుకుంటున్నాను.

వచ్చే నెల ఏర్పేడు దగ్గర మాధవమాలకి వెళ్లి, అక్కడ చెక్క చెక్కేవాళ్లకి ఈ ఉలి గాట్లు చూపించాలి. దసరా కొలువుకి రాణి పీట కింద మడిచిన పట్టుగుడ్డ ముక్క పెడతాను, వాలకుండా.