ఒత్తులు విడిపోయిన పోస్టర్

ఆ రోజు నేను తిరిగొచ్చిన పుస్తకాలను తోపుడు బండి మీద పేర్చుకుని అలమరల్లో సర్దుతున్నాను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని ఒక లైబ్రరీలో నాకు మొదట దొరికిన పని అదే. గంటల లెక్కన జీతం. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ, నేత చీర మీద స్వెట్టర్ వేసుకుని, మనవడి చెయ్యి పట్టుకుని, గోడ మీది పోస్టర్‌కేసి చూస్తూ నిలబడి ఉంది. వెళ్ళి పలకరించాను.

“మీదే ఊరు బాబూ?”

“గుంటూరండీ.”

“మాది తెనాలే. కాస్త ఇది చదివి పెట్టు నాయనా. మన తెలుగులాగే ఉంది, చదవబోతే మాత్రం రావడం లేదు.”

చూస్తే నిజంగానే అలాగే ఉంది. ఒత్తులన్నీ విడిపోయాయి. “పుస్తకం”లో స కింద ఉండాల్సిన త ఒత్తు పక్కకొచ్చి పూర్తి అక్షరమై కూర్చుంది, మధ్యలో ఒక పొల్లు. “స్వాగతం” కూడబలుక్కుంటే తప్ప అర్థం కాదు. శనివారం పిల్లలకు తెలుగులో కథలు చెప్పే కార్యక్రమం కోసం, తెలుగువాళ్ళను పిలవడానికే వేసిన పోస్టర్ అది.

ఎక్కడ తప్పు జరిగిందో చూడగానే తెలిసిపోయింది. ఇక్కడికి రాకముందు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఫ్లెక్సీ షాపులో ఏడేళ్ళు డిజైనర్‌గా పనిచేశాను. అక్కడ మాకు అన్నం పెట్టింది కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్, అనూ అనే తెలుగు ఫాంట్లు. అనూలో కొట్టిన మేటర్ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనపడేవి. అందుకని ప్రింటింగ్‌కు పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా మార్చడం మాకు అలవాటు. ఇప్పుడు ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించే యూనికోడ్ అక్షరాలు వచ్చి ఆ బాధ చాలావరకు పోయింది. కానీ ఒత్తుల్ని, గుణింతాల్ని కలిపి చూపించే పనిని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రత్యేక భాగం చెయ్యాలి. పోస్టర్లు చేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు వరల్డ్ రెడీ కంపోజర్. అది ఎంచుకోకుండా తెలుగు మేటర్ పేస్ట్ చేస్తే అక్షరాలు ఏ ముక్కకాముక్క పడిపోతాయి. తెలుగు రానివాళ్ళకు ఆ తేడా కంటికి కనపడదు.

సూపర్‌వైజర్‌కు చెప్పడానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. పుస్తకాలు సర్దేవాడు పోస్టర్ గురించి మాట్లాడొచ్చా అని. ఆమె కుర్చీ జరిపి, కంప్యూటర్ నా ముందు పెట్టి “చూపించు” అంది. పది నిమిషాల పని. నా దారి మారింది ఆ పది నిమిషాల్లోనే. మొదట వారానికి ఒక పూట, తర్వాత మూడు రోజులు, ఏడాదిన్నర తర్వాత పూర్తి ఉద్యోగం. లైబ్రరీ కార్యక్రమాలకు పోస్టర్లు, సోషల్ మీడియా బొమ్మలు, నెలనెలా వెళ్ళే ఈమెయిల్ ఉత్తరం, అన్నీ నావే.

ఫ్లెక్సీ పని నాకు చాలా నేర్పింది. పుట్టినరోజు శుభాకాంక్షలైనా, ఓణీల ఫంక్షన్ అయినా, గృహప్రవేశమైనా రోడ్డు మీద బండి ఆపకుండా చదివేలా ఉండాలి. ఎవరి ఫొటో పెద్దది, ఎవరిది చిన్నది అన్నది పెద్ద లెక్క. ఆ అనుభవంతో నేను చేసిన మొదటి లైబ్రరీ పోస్టర్ నిండా రంగులు, నిండా వివరాలు. సూపర్‌వైజర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “ఇది చూసినవాళ్ళు ఏం చెయ్యాలి?” ఏడేళ్ళలో ఏ కస్టమరూ నన్ను ఆ మాట అడగలేదు. ఇప్పటికీ ఏ డిజైన్ మొదలుపెట్టినా ముందు కాగితం మీద రాసుకునేది ఆ ప్రశ్నకు జవాబే. ఆ జవాబు రాయలేకపోతే డిజైన్ మొదలుపెట్టను.

ఇంకోసారి తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు వేసినందుకు వెనక్కి వచ్చింది. చూపు తక్కువున్నవాళ్ళూ చదవాలి కాబట్టి మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ డిజైన్‌లో అంతర్జాతీయంగా పాటించే లెక్క. మా లైబ్రరీ కాగితానికీ అదే పాటిస్తుంది. లైబ్రరీకి వచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళే ఎక్కువని గుర్తుపెట్టుకుంటే ఆ లెక్క విలువ తెలుస్తుంది.

తెనాలి పెద్దావిడ లాంటివాళ్ళు ఇక్కడ చాలామంది. కూతురి పురుడుకో, కొడుకు పిల్లల్ని చూడటానికో వస్తారు. పగలంతా ఇంట్లో ఒక్కరే. నడిచి వెళ్ళేంత దూరంలోనే లైబ్రరీ ఉంటుంది, లోపల వెచ్చగా ఉంటుంది, అయినా లోపలికి రారు. ఎందుకని ఆవిడనే అడిగాను. “టికెట్ ఎంతో తెలియదు కదా” అంది. ఇక్కడ పబ్లిక్ లైబ్రరీలో సభ్యత్వం ఉచితం. ఆ సంగతి అందరికీ తెలుసనుకుని మేం ఎక్కడా రాయలేదు.

కొత్త పోస్టర్‌లో ఇంతే రాశాను: “మీ మనవడితో కలిసి తెలుగు కథ వినండి. శనివారం ఉదయం 11 గంటలకు. డబ్బు కట్టనక్కర్లేదు. పేరు రాయించుకోనక్కర్లేదు.” పైన బొమ్మల పుస్తకం మీద రెండు చేతులు, ఒకటి ముడతలు పడింది, ఒకటి పసిది. ఆవిడ అనుమతి తీసుకుని నేనే తీసిన ఫొటో. హెడ్డింగ్‌కు రామభద్ర ఫాంటు. మన భాషకు అలాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు తయారు చేయించినవాళ్ళకు రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఆ పోస్టర్‌ను లైబ్రరీ గోడకు అంటిస్తే లాభం లేదు, లైబ్రరీలో ఉన్నవాడు ఎలాగూ వచ్చినవాడే. ఇండియన్ సరుకుల కొట్టుకు తీసుకెళ్ళాను. కరివేపాకు పెట్టే ఫ్రిజ్ పక్కన ఒకటి, బిల్లు కట్టే చోట ఒకటి. క్యూఆర్ కోడ్ ఒక్కో చోటికి ఒక్కోటి వేరుగా చేశాం, ఎక్కడి నుంచి ఎంతమంది స్కాన్ చేశారో తెలియాలని. ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు ఉండాలి కోడ్. తలుపు మీద రెండు అంగుళాల కోడ్ అంటిస్తే దూరం నుంచి ఎవరి ఫోనూ పట్టుకోదు.

అంకెలు చూస్తే స్కాన్లు చాలా తక్కువ. నీరసపడ్డాను. శనివారం మాత్రం కుర్చీలు చాలలేదు. కౌంటర్‌లో ఒక్కొక్కరినీ “ఎలా తెలిసింది?” అని అడిగితే విషయం బయటపడింది. దాదాపు ఎవరూ స్కాన్ చెయ్యలేదు. పోస్టర్‌ను ఫోన్లో ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటినుంచి ప్రతి పోస్టర్‌కూ ఫోన్లో పంపుకునేలా చతురస్రపు బొమ్మ ఒకటి విడిగా చేస్తున్నాను. మన స్క్రీన్ మీద లెక్కకు రానిది జరగలేదని అనుకోకూడదని ఆ శనివారం నేర్చుకున్నాను.

కిందటి జనవరిలో సెలవు మీద ఇంటికి వచ్చాను. విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాళ్ళ మధ్య భుజాలు రాసుకుంటూ నడిచాను. 1989 నుంచి జరుగుతున్న పండగ అది. సంచుల నిండా పుస్తకాలతో వెళ్తున్న జనాన్ని చూస్తే మనవాళ్ళు చదవడం మానేశారనే మాట నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు గుంటూరులో మా ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. పేపర్లు చదివే పెద్దవాళ్ళు నలుగురు, గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునే పిల్లలు ఓ పదిమంది. కథలు, నవలలు ఉన్న అలమర మీద దుమ్ము.

లైబ్రేరియన్ మేడం నా చిన్నప్పటి నుంచీ తెలుసు. “ఎవరికీ తెలియదు బాబూ, ఇక్కడ ఇంటికి పుస్తకం ఇస్తారని” అంది. తెనాలి పెద్దావిడ మాటే మళ్ళీ విన్నట్టయింది.

ఆ సాయంత్రమే మా మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాను. ఫోన్లోనూ పనిచేసే కాన్వా అనే డిజైన్ యాప్‌లో చేశాం, తర్వాత మేడం ఫోన్లోంచే మార్చుకోవచ్చని. ఆ కాన్వా కూడా ఆస్ట్రేలియాలో పుట్టిందే. మొదటి బొమ్మ మీద పెద్ద అక్షరాల్లో ఒకటే మాట: “మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికే కడుతున్నారు. మీ పుస్తకం తీసుకెళ్ళండి.” ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయ పన్ను లెక్క అదే. మా నాన్న అది చదివి “ఇన్నేళ్ళూ కడుతున్నానా?” అని పన్ను రసీదు వెతుక్కున్నాడు. ఈ బొమ్మ పనిచేస్తుందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. రెండోది పోటీ పరీక్షల పిల్లల కోసం. నిశ్శబ్దంగా కూర్చునే చోటు, ఫ్యాను, వేళలు, దాంతోపాటు ఐఐటీ ఖరగ్‌పూర్ తయారుచేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీకి క్యూఆర్. అందులో చేరడం ఉచితం. బజ్జీల బండి దగ్గర కూడా ఫోన్‌పే కోడ్ స్కాన్ చేసే ఊరికి క్యూఆర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

“మావయ్యా, ఈమెయిల్ ఎవరూ చూడరు. అమ్మావాళ్ళకి వాట్సాప్ స్టేటస్, మాకు ఇన్‌స్టా” అంది మేనకోడలు. దానికే వదిలేశాను. టిఫిన్ సెంటర్, జిరాక్స్ షాపు, కోచింగ్ సెంటర్ మెట్లు, ఎక్కడెక్కడ అంటించాలో కూడా అదే చెప్పింది.

ఇదంతా నేను విదేశంలో నేర్చుకుని తెచ్చిన విద్య అనుకోవడానికి నాకు మనసు ఒప్పదు. మన గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారు పాతికేళ్ళు కూడా నిండకుండానే 1914లో గ్రంథాలయాల మహాసభను బెజవాడ రామమోహన గ్రంథాలయంలో జరిపించారు. అదే ఉద్యమంలోని పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పుస్తకాలను పడవెక్కించారు. చదివేవాళ్ళు రేవుల దగ్గర ఉన్నారు, పుస్తకం అక్కడికే వెళ్ళింది. సరుకుల కొట్టులో కరివేపాకు ఫ్రిజ్ పక్కన పోస్టర్ అంటించినప్పుడు ఆ పడవ సంగతి నాకు గుర్తులేదు. గుర్తుంటే అంత ఆలోచించేవాడిని కాదు.

మెల్‌బోర్న్ తిరిగొచ్చి మూడు వారాలైంది. రాత్రి పదకొండు దాటాక, అంటే అక్కడ సాయంత్రం వేళ, లైబ్రేరియన్ మేడం నుంచి వాట్సాప్ వచ్చింది. అలమర ఫొటో, మధ్యమధ్య ఖాళీలు. కింద ఒక వాయిస్ మెసేజ్: “బాబూ, సాయంత్రం వేళలు మారాయి. నేను ఫోన్లో మార్చబోతే ఒత్తులు కదిలిపోతున్నాయి. కాస్త సరిచేసి పంపు.”

లాప్‌టాప్ తెరిచాను.