పదికి తొమ్మిది మార్కులు

ఆ రోజు నాయన ఆరింటికి కాఫీ తాగాడు. ఆరున్నరకు కుడిచేతిలోంచి గ్లాసు జారింది, మూతి ఎడమకు వంకరపోయింది. చిన్నాయన పసరు మందు పోయిద్దాం అన్నాడు. అమ్మ వినలేదు, నేరుగా 108 ఎక్కించింది. డోన్ నుంచి కర్నూలు చేరేసరికి ఎనిమిదిన్నర.

ఎమర్జెన్సీలో మొదటి ప్రశ్న: "చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు?" ఇది పక్షవాతం, అప్పటినుంచి నాలుగున్నర గంటల లోపే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయాలట. పాలవాడు వచ్చిన టైముతో సహా చెప్పింది అమ్మ.

తలకు సీటీ స్కాన్ తీశాక డాక్టర్ కంప్యూటర్లో చూపించారు. "రక్తం కారితే తెల్లగా కనబడుతుంది. ఎక్కడా లేదు." మరి చెయ్యెందుకు లేవట్లేదు సార్ అన్నాను. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే మొదటి గంటల్లో సీటీ దాదాపు మామూలుగానే ఉంటుందట. అప్పుడాయన పెన్నుతో ఒక చోట చూపించారు. కణత లోపల సన్నటి అంచు ఒక పక్క స్పష్టంగా ఉంది, ఇంకో పక్క రబ్బరుతో చెరిపినట్టుంది. మెదడులో ఆ నాళం కిందికొచ్చే మేరను పది భాగాలు చేసి, దెబ్బతిన్న ఒక్కోదానికి ఒక మార్కు కోస్తారు. ఆస్పెక్ట్స్ అంటారట. నాయనకు తొమ్మిది. మార్కులు తగ్గేకొద్దీ ఇంజెక్షన్ తర్వాత రక్తం కారే ముప్పు ఎక్కువ.

నన్ను భయపెట్టింది మాత్రం ఇంకోటి. మెదడు మధ్యలో నీటి గదుల చుట్టూ మబ్బు పట్టినట్టు నల్లదనం. ఏళ్ల తరబడి బీపీ చేసిన పని. నాయన మాత్రలు మానేసి మూడేళ్లయింది. దీనివల్లా ముప్పు కొంత పెరుగుతుంది, అయినా వేయకుండా ఆపేంత కాదన్నారు.

సంతకం నాదే. 1995 నాటి అమెరికా ట్రయల్లో ఇంజెక్షన్ వేసినవాళ్లలో వందకు ఆరుగురికి మెదడులో రక్తం కారి పరిస్థితి ముదిరింది, వేయనివాళ్లలో ఒక్కరు కూడా లేరు దాదాపు. కోలుకున్నవాళ్లు మాత్రం వేసినవాళ్లలోనే ఎక్కువ. నా చెయ్యి వణికి ఇంటిపేరు రెండుసార్లు రాశాను.

బీపీ 200 ఉంటే 185 లోపుకు దించాకే మొదలుపెట్టారు. 62 కిలోల మనిషికి 56 మిల్లీగ్రాములు. పదోవంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. మళ్లీ గడ్డ కట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ ఇరవైనాలుగు గంటలు ఇవ్వకూడదు. తలనొప్పి, వాంతి, మగత వస్తే వెంటనే పిలవమన్నారు. నాయన రాత్రి గురక పెట్టి నిద్రపోతుంటే అది మగతేమోనని మూడుసార్లు సిస్టర్‌ను లేపాను. తిట్టలేదు పాపం.

మర్నాటి సీటీలో మెదడు దెబ్బతిన్న చోట నల్లటి మచ్చ తేలింది, దాని మీద ఉప్పురవ్వలు చల్లినట్టు తెల్లచుక్కలు. నా గుండె జారింది. ఇది ఊట లాంటిదే, ముద్దగా గడ్డకట్టి ఒత్తట్లేదు, మనిషి కూడా తేడాగా లేడు అన్నారు డాక్టర్. ఆస్పిరిన్ మాత్రం వాయిదా వేశారు. నాలుగు రోజులకు మళ్లీ తీస్తే చుక్కలు పెరగలేదు, అప్పుడు మొదలుపెట్టారు.

ఇప్పుడు నాయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. బీపీ మాత్ర మింగాక నోరు తెరిచి అమ్మకు చూపించాలి, అప్పుడే కాఫీ.