పదకొండు నుంచి ఒంటిగంట దాకా

శనివారం.

పొద్దున్నే తమ్ముడు మా ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. పాపకి సేమ్యా ఉప్మా ఇష్టమని తనే చేసి డబ్బాలో సర్దుకున్నాడు. నెలకి రెండు శనివారాలు, కోర్టు ఆవరణలోనే, పదకొండు నుంచి ఒంటిగంట దాకా. నాన్నగా వాడికి దక్కిన సమయం అంతే. ఒక్కడినీ పంపలేక నేనూ వెళ్తుంటాను.

పిల్లల గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, చక్రం ఊడిన బొమ్మ కారు, పక్కనే ఇంకెవరిదో కుటుంబం. పాప రాగానే ఓసారి వాళ్ళమ్మ వైపు చూసింది. ఆమె తలూపాకే నాన్న దగ్గరికొచ్చింది. కాసేపు ముభావంగా ఉంది, తినడం మొదలెట్టాక కబుర్లు వచ్చాయి. జడ వదులైతే వాడే విప్పి మళ్ళీ అల్లాడు. కలిసున్న రోజుల్లో మరదలిది పొద్దుటి షిఫ్టు. నీళ్ళు పోసి, జడలేసి, స్కూలు ఆటో ఎక్కించింది వాడే. అదంతా పిటిషన్‌లో రాయించాం. అయినా ఒక వాయిదాలో అవతలి లాయరు "ఆడపిల్లని మగాడెలా పెంచుతాడండీ?" అంటే మా లాయరు కూడా మాట్లాడలేదు. ఆ ప్రశ్న అక్కడ ఎవరికీ తప్పుగా తోచలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరదలు మంచి తల్లి. అది రాయకపోతే ఈ పేజీ అబద్ధమవుతుంది. వాళ్ళిద్దరికీ పొసగలేదు, అంతే.

తిరిగొస్తూ దారంతా చట్టం గురించే ఆలోచించాను. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఐదేళ్ళు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనీ అక్కడే ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేర రిజర్వ్ బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా పోరాడితే, తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో తీర్పొచ్చింది. ఆవిడ సంతకం చెల్లదన్నవాళ్ళూ, మా తమ్ముడి పెంపకం చెల్లదంటున్నవాళ్ళూ నమ్మేది ఒకటే: పెత్తనం మగాడిది, పెంపకం ఆడదానిది.

పాప వెళ్ళిపోయినప్పుడు నాలుగేళ్ళది. వాయిదాల మీద వాయిదాలు పడి ఇప్పుడు ఎనిమిదొచ్చాయి. ఐదేళ్ళ మాట ఇక వర్తించదు కదా అంటే, బిడ్డ అక్కడ అలవాటు పడింది, కదిలించకూడదంటారు. ఆ అలవాటు పడ్డ నాలుగేళ్ళూ వాడు వాయిదాలకి తిరుగుతూనే ఉన్నాడు! మనోవర్తి ఒక్క నెలా ఆపలేదు.

ఎవరో వాణ్ణి భర్తల వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందులో సగం ఆడవాళ్ళ మీద తిట్లే. పిల్లల మనసు విరిచేది ఎప్పుడూ తల్లేనని అక్కడ రాస్తారు. 2017లో సుప్రీంకోర్టు ఆ సంగతి ఎత్తిన ఒక కేసులో పాపని అట్టిపెట్టుకున్నది తండ్రి. కోర్టు ఆ పాపని తల్లికి అప్పగించింది. ఎవరి దగ్గరుంటే వాళ్ళు చేయగల అన్యాయమే ఇది. తమ్ముడు ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాడు, నాకు నిశ్చింతగా ఉంది.

ఇద్దరి దగ్గరా పెరిగేలా ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015 మేలోనే, 257వ నివేదికలో చెప్పింది. చట్టం మారలేదు. తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కని, దూరంగా ఉన్నవాళ్ళకి వీడియో కాల్ అవకాశమైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అంది. ఆ తీర్పు చూపించి కొత్తగా ఐఏ, అంటే నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర దరఖాస్తు, వేయబోతున్నాం: వేసవి సెలవుల్లో సగం రోజులు రాత్రుళ్ళతో సహా, మధ్యలో వీడియో కాల్స్. కోర్టు గది కాకుండా వాళ్ళ నాన్న ఇంట్లో, నాయనమ్మ పక్కలో పడుకోవాలి పాప.

నోటీసు వెళ్ళేలోగా మరదలికి నువ్వే చెప్పరా అన్నాను. చాలాసేపు ఆలోచించి మెసేజ్ పెట్టాడు. రాత్రి జవాబొచ్చింది. అమ్మమ్మగారి ఊళ్ళో జాతరట, ఆ వారం తప్ప మిగతాది చూద్దామంది. సోమవారం లాయరు దగ్గర ఆ తేదీలు వదిలేసి రాయించాలి.