తడి గుడ్డల లెక్క

రాత్రి మా పసివాడు రెండింటికి లేచాడు. పాలు తాగి పడుకున్నాడులే అని నేను నడుం వాల్చానో లేదో మళ్ళీ మొదలు. తెల్లారి అమ్మ కాఫీ తెచ్చింది. నా మొహం చూసింది, వాడి మొహం చూసింది, అడగనే అడిగింది: "పాలు సరిపోతున్నాయా అమ్మడూ?"

పురిటికి తెనాలి పక్కన మా ఊరొచ్చినప్పటి నుంచి నన్ను అడిగిన ప్రశ్నల్లో ముప్పాతిక వంతు ఇదే. వాడు ఏడిస్తే పాలు చాలడం లేదు. ఎక్కువసేపు తాగితే చాలడం లేదు. తొందరగా వదిలేసినా చాలకే! సీసా అయితే పక్కన గీతలుంటాయి, ఎన్ని ఎంఎల్ లోపలికి పోయాయో చెప్పొచ్చు. ఇక్కడ ఏ గీతలూ లేవు కాబట్టి వీధిలో ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంది.

ఈ టెన్షన్ ఆసుపత్రిలోనే మొదలైంది. నాది ఆపరేషన్ కాన్పు. మొదట్లో ముర్రుపాలు చుక్కలు చుక్కలుగానే వచ్చాయి, పసుపు రంగులో, చిక్కగా. చూడ్డానికి వచ్చినవాళ్ళు పెదవి విరిచారు. చుట్టాలావిడ ఒకరు ఏకంగా పాలపొడి డబ్బా పట్టుకొచ్చారు. తమాషా ఏమిటంటే ఆ డబ్బా మీదే పెద్దక్షరాలతో తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని ఉంది. 1992లో వచ్చిన చట్టం ప్రకారం అలా రాసి తీరాలి, ఆ డబ్బాలకి ప్రకటనలు కూడా ఇవ్వకూడదు. "డబ్బా వాడే ఒప్పుకుంటున్నాడు కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. డాక్టరు పట్టమంటే పొడిపాలైనా పట్టాల్సిందే, అందులో నామోషీ ఏమీ లేదు. కానీ మాకు ఏ డాక్టరూ చెప్పలేదు. డ్యూటీలో ఉన్న నర్సు అయితే "పుట్టిన రోజు వాడి పొట్టకి ఒక్కోసారికి చెంచాడు చాలమ్మా" అని నవ్వేసింది. నాలుగో రోజుకి పాలు పడ్డాయి. రెండు వైపులా గట్టిపడిపోయి చెయ్యి పైకెత్తలేకపోయాను. గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, కాసిని పాలు పిండేసి మెత్తబడ్డాక గానీ వాడి నోటికి అందలేదు.

ముర్రుపాల మాట వచ్చింది కాబట్టి నాయనమ్మ సంగతి కూడా రాసుకోవాలి. వాళ్ళ రోజుల్లో వాటిని పిండి పారబోసేవాళ్ళట. పిల్లలకి ఆముదమో తేనో నాకించేవాళ్ళట. "మరి నాన్న బాగానే బతికాడుగా" అని నేను ఎగతాళి చేస్తే, "బతికినవాళ్ళే కదే కనపడేది" అంది. పురిట్లో ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి. నేనింకేం మాట్లాడలేదు.

పొద్దున తాగించడం ఈ మధ్య కాస్త నయం. మొదటి వారం వాడు నోరు పెడతాడంటేనే నా కాలివేళ్ళు ముడుచుకుపోయేవి. చనుమొన చివర మాత్రమే పట్టుకుని లాగేవాడు, పగిలి రక్తం వచ్చేది. పట్టు కుదరాలి, అంతే. నేను వాడి మీదకి వంగకూడదు, వాణ్ణే నా దగ్గరికి తెచ్చుకోవాలి. పెదవికి చనుమొన తగిలించి, ఆవలించినంతగా నోరు తెరిచేదాకా ఆగాలి. తెరిచిన క్షణంలో గడ్డం రొమ్ముకి ఆనేలా దగ్గరికి తీసుకుంటే, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా, ముఖ్యంగా కిందివైపుది, నోట్లోకి పోతుంది. కింది పెదవి బయటికి తిరిగి ఉంటే పట్టు బాగున్నట్టు. సరిగ్గా కుదరకపోతే నోటి మూలన వేలు పెట్టి విడిపించి మళ్ళీ మొదలుపెట్టాలి. కుట్లు లాగుతాయని నేను ఎక్కువగా పక్కకి తిరిగి పడుకునే ఇస్తున్నాను. మింగుతున్న చప్పుడు వినపడితే చాలు, ప్రాణం కుదుటపడుతుంది.

పదింటికి పథ్యం భోజనం. వెల్లుల్లి కారం, నెయ్యి, బీరకాయ. నిన్న సొరచేప పుట్టు. ఇవన్నీ నాకిష్టమే, పేచీ అంతా నీళ్ళ దగ్గరే. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుందని నాయనమ్మ గ్లాసు లెక్కపెట్టి ఇస్తుంది. ఇక్కడ చూస్తే వాడు తాగడం మొదలుపెట్టి పాలు చేపుకి రాగానే నా నాలుక పిడచకట్టుకుపోతుంది. ఈ ఆగస్టు ఉక్కపోతలో అయితే చెప్పనే అక్కర్లేదు. అమ్మ చాటుగా ఒక సీసా నా దిండు కింద పెట్టింది. అత్తాకోడళ్ళ మధ్య ఇన్నేళ్ళకి ఇదో కొత్త రాజకీయం.

కానీ ముసలామె అన్నీ తప్పు చెప్పదు. పాలు పెరగాలంటే ఏం తినాలని నేను అడిగితే, "ఏటి చెలమ తోడితేనే ఊరుతుంది, వాడికి ఇస్తానే ఉండు" అంది. తరవాత డాక్టరు చెప్పింది కూడా అదే. ఎంత ఖాళీ అయితే ఒంట్లో అంత తయారవుతాయి. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగడం ఈ వయసుకి మామూలేనట. మధ్యలో సీసా పెడితే ఆ మేరకు ఊరడం తగ్గుతుంది. అప్పుడు నిజంగానే చాలవు.

మధ్యాహ్నం ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త, ఆశా అక్క వచ్చింది. కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వాళ్ళు ఇంటికి వచ్చి చూడాలి. సంచిలోంచి వేలాడే త్రాసు తీసి, వీణ్ణి ఉయ్యాల గుడ్డలో వేసి పైకెత్తింది. గుక్కపెట్టి ఏడ్చాడు. పుట్టినప్పటి బరువు ఎప్పుడో దాటేశాడు. మొదటి రోజుల్లో పిల్లలు కాస్త తగ్గి, రెండు వారాలకల్లా మళ్ళీ అందుకుంటారట. అమ్మ తన ప్రశ్న అక్కడా అడిగింది. ఆశా అక్క నా వైపు చూడకుండా పెరట్లో దండెం వైపు చూసింది. "రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడు పిన్నీ?" ఆరో అంతకన్నా ఎక్కువో తడిపితే, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే, ఏడుపు లెక్కలోకి రాదు అంది. దండెం మీద చోటు లేక కొన్ని జామచెట్టు మీద ఆరేసి ఉన్నాయి. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా పట్టొద్దని, గ్రైప్ వాటర్ అసలే వద్దని నాయనమ్మకి వినపడేలా గట్టిగా చెప్పింది. బాలింతకి దాహం వేసినన్ని నీళ్ళివ్వమంది. తల్లిపాల వారోత్సవాలు కదా, అంగన్‌వాడీలో మీటింగు ఉందని వెళ్ళిపోయింది.

నాలుగింటికి పక్కింటామె వచ్చి పిల్లాడు చిక్కాడంది. అమ్మ ఏమీ అనకుండా పెరటి తలుపు బార్లా తెరిచింది.

దీపాలు పెట్టే వేళ నుంచి మాత్రం వాడితో గొడవే. తాగుతాడు, వదులుతాడు, ఏడుస్తాడు, మళ్ళీ తాగుతాడు. రొమ్ము మెత్తగా అయిపోయింది, ఇంకేమీ లేవేమోనని నాకే అనిపిస్తుంది. సాయంత్రాలు పిల్లలు ఇలా వెంటవెంటనే తాగడం మామూలేనని తెలుసు. తెలిసినా ఎనిమిదింటికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని త్రేన్పు తీయించి వరండాలో తిప్పింది. నేను అన్నం తిన్నాను. రెండు చేతులూ ఖాళీగా ఉండి తినడం ఎంత సుఖమో.

హైదరాబాద్ నుంచి మా ఆయన వీడియో కాల్ చేశాడు. చట్టానికి 2017లో వచ్చిన సవరణ తరవాత ప్రసూతి సెలవు 26 వారాలు వస్తోంది, అయినా కాన్పుకి ముందు వాడుకున్నవి తీసేస్తే వీడికి ఆరు నెలలు నిండకుండానే నేను ఆఫీసుకి వెళ్ళాలి. అందుకని పాలు తీసి పెట్టే పంపు ఇప్పుడే ఆర్డర్ చేస్తానంటాడు. రివ్యూలు చదివి వినిపించాడు, మూడు మోడళ్ళు తేడాలతో సహా. ముందు వచ్చి ఒక రాత్రి గుడ్డలు మార్చమన్నాను. శనివారం బండికి బయల్దేరుతున్నాడట.