నాలుగేళ్ల మేనల్లుడు, అరవై ఎనిమిదేళ్ల నాన్నగారు

మా పర్లాకిమిడిలో మలంతో రక్తం పడిందంటే తెలుగువాళ్లు మొలలంటారు, ఒడియావాళ్లు అర్శ అంటారు; భాష ఏదైనా తీర్పు ఒకటే, రోగి వయసు ఎవరూ అడగరు. ఏడాదిన్నర వ్యవధిలో మా ఇంట్లో ఇద్దరికి ఆ తీర్పు వచ్చింది. పరీక్షలో ఇద్దరికీ కనిపించింది పెద్దపేగులో పాలిప్, అనగా పేగు లోపలి పొర నుంచి మొలిచిన బుడిపె.

మా అక్క కొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. నొప్పి అన్నదే లేదు. మలం మీద ఎర్రటి చార, ఆఖరున రెండు మూడు చుక్కలు. ఊళ్లో ఒక వైద్యుడు మొలల పూతమందు రాసి మూడు నెలలు వాడించారు. ఆ వయసులో మొలలు చాలా అరుదన్న మాట మాకు విశాఖపట్నం వెళ్లాక గానీ తెలియలేదు. రెండు నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో నొప్పి లేకుండా రక్తం పడడానికి తరచుగా కనిపించే కారణం జువెనైల్ పాలిప్. వాడి బుడిపె తొడిమకు వేలాడే ద్రాక్షపండులా ఉంది. తీసేశారు, అంతటితో సరిపోయింది. ఇటువంటిది ఒక్కటే ఉంటే క్యాన్సర్ భయం దాదాపు లేనట్టే. అయిదు, అంతకు మించి ఉంటే మాత్రం వంశపారంపర్య వ్యాధి కావచ్చునని చూస్తారు.

ఇరవై, ముప్పై ఏళ్లవారిలో పాలిప్‌లు తక్కువ. ఏపీసీ అనే జన్యువులో లోపం వంశపారంపర్యంగా ఉన్న కుటుంబాల సంగతి వేరు. అక్కడ పదిహేనేళ్లకే వందల కొద్దీ మొలవవచ్చు. మిగిలినవారిలో సంఖ్య నలభై దాటాక పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న అడినోమా రకం యాభై ఏళ్ల వయసులో సుమారు నలుగురిలో ఒకరికి, డెబ్బై దాటేసరికి ఇంచుమించు సగం మందికి కనిపిస్తుంది. స్త్రీలకంటే పురుషుల్లో ఎక్కువ. మన దేశంలో ఇంతకంటే తక్కువ. అడినోమాల్లోనూ క్యాన్సర్‌గా మారేవి కొద్దిపాటివే, దానికీ సాధారణంగా పదేళ్లు పడుతుంది. ఆ గడువులోనే పాలిప్‌ను కనిపెట్టి తీసేయవచ్చునన్నదే కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకు, ఆధారం. అమెరికాలో లక్షణాలు లేకపోయినా పరీక్ష మొదలుపెట్టవలసిన వయసును 2021లో యాభై నుంచి నలభై అయిదుకు తగ్గించారు.

నాన్నగారి విషయంలో ఈ లెక్కలన్నీ ముందే చదివిన నేను కూడా మొదట మొలలే అనుకున్నాను! ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పరీక్షకు ముందురోజు సాయంత్రం, పేగు శుభ్రం కావడానికి ఇచ్చిన పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్లు ఎదురుగా పెట్టుకుని, ఉప్పగా ఉన్న నిమ్మరసంలా ఉందంటూ, ప్రతి గ్లాసుకూ గడియారం చూస్తూ తాగారు. చివరికి వచ్చేసరికి బయటికి పోయినది పలచటి పసుపు నీరు; అలా అయితేనే పేగు గోడ స్పష్టంగా కనిపిస్తుందట. ఎనిమిది మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి దొరికింది, వల వేసినట్టు తీగ ఉచ్చు బిగించి అక్కడే కోసేశారు. బయాప్సీలో ట్యూబులర్ అడినోమా అని వచ్చింది. రక్తం మాత్రం అంత చిన్న పాలిప్ నుంచి కాకపోవచ్చునని, లోపల మొలలు కూడా ఉన్నాయని డాక్టరుగారు అన్నారు. ఊరివాళ్ల తీర్పు ఆ మేరకు నిజమైంది గానీ, దానితో ఆగిపోయి ఉంటే అడినోమా అక్కడే ఉండేది.

పది మిల్లీమీటర్ల లోపు ఒకటి రెండు అడినోమాలు పూర్తిగా తీసేస్తే, మళ్లీ చూడడం ఏడు నుంచి పదేళ్ల తరువాతే. అప్పటికి నాన్నగారికి డెబ్బై అయిదు దాటుతుంది. ఆ వయసులో పరీక్ష అవసరమా కాదా అన్నది మనిషి ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. తిరుగు ప్రయాణంలో, పాతపట్నం దాటుతుండగా ఆయన అడిగింది ఒక్కటే: ‘‘అప్పుడూ ఆ రెండు లీటర్లూ తాగాలా?’’