ఒక్క అరిసెకేం కాదంట

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. పొద్దున వదిన అన్న మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు. "బెల్లమే కదబ్బా, పంచదార కాదుగా. ఒక్క అరిసెకేం కాదు."

దసరా అయ్యాక నేను తీపి మానేశాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే HbA1c పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే జబ్బు గడప దగ్గర నిలబడినట్టు. 6.5కి చేరితే జబ్బు కిందే లెక్క. మానడం నేననుకున్నంత కష్టం కాలేదు. చక్కెర లేని కాఫీ ఇప్పుడు నాకు నిజంగానే ఇష్టం, డికాక్షన్ వాసన తెలుస్తోంది.

కష్టమంతా ఈ సంక్రాంతి పండగతోనే. పొద్దున్నే పక్క ఫ్లాటావిడ మలైకాజాలు తెచ్చింది. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంది. తర్వాత ఈయన స్నేహితుడు ఖర్జూరం లడ్డూల డబ్బాతో వచ్చాడు. "మీకోసమే అక్కా, షుగర్ ఫ్రీ" అంటాడు. ఎండు ఖర్జూరంలో బరువుకు సగానికి పైగా చక్కెరే. పైన పంచదార వేయనంత మాత్రాన అది తీపి కాకుండా పోతుందా?

ఇక వదిన. మొదట విస్తట్లో పెట్టింది, పక్కన పెట్టేశాను. తర్వాత చేతికిచ్చింది. చివరికి అందరి ముందూ తుంచి నోటి దాకా తెచ్చింది. పండగ పూట కాదనకూడదంట, పెద్దలకు పెట్టిందంట, నేను చిక్కి సగమయ్యానంట. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే. పంచదారలో ఉండేదీ అదే. పైనుంచి కలుపుకునే తీపి రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తేనెను కూడా అందులోనే లెక్కేసింది. ఇదంతా భోజనాల మధ్యలో చెప్తే వినేదెవరు? "నువ్వు మరీ టెన్షన్ పడతావు" అని నవ్వేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వచ్చే ఏడాది మా ఇంట్లో అరిసెలు వండేదే లేదు అని రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను. ఇంతలో అవ్వ గుర్తొచ్చింది.

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊళ్ళో పండగ ముందు అరిసెల పాకమంటే అవ్వనే పిలిచేవాళ్ళు. ముందు రోజు నానేసిన బియ్యం వడగట్టి, తడి ఆరకముందే రోట్లో దంచి, జల్లించి, పిండి ఆరిపోకుండా గుడ్డ కప్పి ఉంచేవాళ్ళు. పాకం దగ్గర అవ్వ తప్ప ఎవరూ ఉండకూడదు. గిన్నెలో నీళ్ళు పోసి అందులో చుక్క వేసేది, వేళ్ళతో ఉండ చేసి చూసేది. ముదిరితే అరిసె రాయి, లేతదైతే నూనెలో విచ్చిపోతుంది. ఆమె "ఊఁ" అనగానే ఇద్దరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలిపేవాళ్ళు. పిల్లలమంతా చలిమిడి కోసం చుట్టూ చేరేవాళ్ళం. వేడి వేడి ముద్ద, నువ్వులు, నెయ్యి. చేతులు కాలినా వదిలేవాళ్ళం కాదు. వేగిన అరిసెను చెక్కల మధ్య పెట్టి నూనె పిండేటప్పుడు వచ్చే వాసన వీధి చివరి దాకా వెళ్ళేది.

అవ్వకు షుగర్. పాకం రుచి కూడా చూసేది కాదు. అరిసెల పళ్ళెం అందరి చేతులూ మారి అవ్వ దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు, "ఆమెకు వద్దు, ఆమెకు షుగర్" అని పక్కకు జరిపేసేవాళ్ళు. ఆమె ముందే. అవ్వ "నాకెందుకులే" అనేది. తింటావా అని ఆమెను అడిగిన మనిషిని నేను ఒక్కరిని కూడా చూడలేదు. ఇంట్లోవాళ్ళకు ప్రేమ లేక కాదు, భయం. అయినా వీధి మొత్తానికీ పాకం పట్టిన మనిషికి ఎలా అనిపించి ఉంటుంది?

ఇది రాశాక వదిన మీద కోపం అంతకుముందులా లేదు. నిన్న సాయంత్రమంతా పొయ్యి దగ్గర నిలబడి చేసింది, నాకు పెట్టాలని ఆశపడింది. రేపటి నుంచి నన్ను కూడా ఎవరూ అడగకుండా పళ్ళెం పక్కకు జరిపేస్తే తట్టుకోగలనా? లేను. అడగాలి. కానీ ఒక్కసారి అడగాలి, వద్దంటే నా మాట నమ్మాలి. మూడోసారి నోటి దాకా తేవడాన్ని ఇప్పటికీ ఒప్పుకోను.

వచ్చే ఏడాది అరిసెలు వండుదాం. సగమే చేద్దాం, పాకం నేను పడతాను. రేపు కనుమ, గారెలకూ కోడికూరకూ వదిన మళ్ళీ వస్తుంది. అందరూ కూర్చోకముందే, వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఈ మాట చెప్పేస్తాను. అవ్వ సంగతి కూడా చెప్తాను, వదిన ఆమెను చూడలేదు.