ప్లేటు వెనక వైపు పాట: రాక్ అరౌండ్ ద క్లాక్

అమెరికా గాయకుడు బిల్ హేలీ తన బ్యాండు కామెట్స్‌తో పాడిన ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ 1955 నాటి పాట అని చాలామంది అనుకుంటారు. ఆ ఏడు మార్చిలో వచ్చిన ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ సినిమా టైటిల్స్ మీద మోగింది, జులై 9న అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ వేసే హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది, ఎనిమిది వారాలు కదల్లేదు. కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ అప్పటికే ఆ రికార్డుకు ఏడాది దాటింది. 1954 మేలో అంగళ్లకు వచ్చి, ఒకే ఒక్క వారం 23వ స్థానంలో కనబడి మాయమైన ప్లేటు అది. పాడినవాడు మారలేదు, వాయించినవాళ్లు మారలేదు, మళ్లీ రికార్డు చేయలేదు. అదే ధ్వని మొదటిసారి ఎందుకు ఓడింది, రెండోసారి ఎందుకు గెలిచింది అన్నదే ఈ పాట చరిత్రలో అసలు సంగతి.

పాట రాసింది కుర్రవాళ్లు కాదు. మాక్స్ సి. ఫ్రీడ్‌మన్‌కు అప్పటికి అరవై ఏళ్లు. ఆయనతో పాటు ప్లేటు మీద కనిపించే జిమ్మీ డి నైట్ అసలు పేరు జేమ్స్ ఇ. మయర్స్, ఫిలడెల్ఫియాలో పాటల ప్రచురణ వ్యాపారి. కాపీరైట్ నమోదైన తేదీ 1953 మార్చి 31. మయర్స్ దీన్ని బిల్ హేలీ చేతిలో పెట్టాడు. హేలీ అప్పుడు ఎసెక్స్ అనే చిన్న కంపెనీలో ఉన్నాడు. దాని యజమాని డేవ్ మిల్లర్‌కు మయర్స్ అంటే పడేది కాదు. పాట కాగితాలు స్టూడియోకు తీసుకెళ్తే మిల్లర్ చింపేసేవాడని హేలీ తర్వాత చెప్పాడు. ఈలోగా సన్నీ డే అండ్ హిస్ నైట్స్ అనే బృందం 1954లో ఆర్కేడ్ లేబుల్ మీద ఈ పాట ముందుగా రికార్డు చేసింది. అది పెద్దగా ఆడలేదు. హేలీ ఎసెక్స్ వదిలి డెక్కా అనే రికార్డు కంపెనీకి మారాకే దారి తెరుచుకుంది.

ఇక 1954 ఏప్రిల్ 12. న్యూయార్క్‌లో పశ్చిమ 70వ వీధిలోని పిథియన్ టెంపుల్. అది మొదట ఒక సంఘం కట్టుకున్న భవనం. ఎత్తైన కప్పున్న పెద్ద హాలును డెక్కా స్టూడియోగా వాడుకునేది. నిర్మాత మిల్ట్ గేబ్లర్, అంతకుముందు గాయకుడు లూయీ జోర్డన్ రికార్డులు చేసినవాడు. జోర్డన్ పాటల్లోని ఆ ఊగే నడకనే హేలీ బ్యాండు చేత వాయించాలన్నది ఆయన ఆలోచన. డ్రమ్ముల గుభేలుమనే మోత ఆ ఎత్తైన కప్పుకు తగిలి తిరిగిరావడం వల్ల వచ్చింది. చిన్న గదిలో అదే డ్రమ్ము పొడిగా తేలిపోయేది.

ఆ రోజు మొదటి నుంచీ ఆలస్యమే. బ్యాండు ఎక్కిన ఫెర్రీ డెలావేర్ నదిలో ఇసుకమేట మీద ఇరుక్కుంది. స్టూడియోకు చేరాక గేబ్లర్ ముందు పట్టుకున్నది ఈ పాటను కాదు, ‘థర్టీన్ విమెన్’ను. హైడ్రోజన్ బాంబు పడ్డాక ఊళ్లో పదముగ్గురు ఆడవాళ్లు, ఒకే మగవాడు మిగిలారని ఒకడు కలగనే పాట అది. ఆయన లెక్కలో ప్లేటుకు ముందు వైపు పాట అదే. మూడు గంటల సెషన్‌లో సింహభాగం దానికే పోయింది. ‘రాక్ అరౌండ్ ద క్లాక్’కు మిగిలింది ఆఖరి అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. తర్వాతి సెషన్ కోసం గాయకుడు శామీ డేవిస్ జూనియర్ బయట ఎదురు చూస్తున్నాడు.

మొదటి టేక్‌లో బ్యాండు హోరులో హేలీ గొంతు మునిగిపోయింది. రెండో టేక్‌లో బ్యాండు మైకులు మూసి, హేలీ మైకు మాత్రం తెరిచి పాడించారనీ, ఆ రెంటినీ కలిపి ఒకటి చేశారనీ బ్యాండు సభ్యులు తర్వాత చెప్పారు. ఇప్పుడైతే ఇది పిల్లల పని. అప్పుడు గొంతుకొక ట్రాక్, గిటార్‌కొక ట్రాక్ అని విడివిడిగా ఉండేవి కావు, అంతా మోనో. రెండు టేపులను పక్కపక్కన నడిపి మూడోదాని మీదికి ఎక్కించాలి. ఒక మెషీన్ రెండోదానికంటే వెయ్యోవంతు ఎక్కువ వేగంతో తిరిగినా పాట చివరికి తేడా సెకనులో ఎనిమిదోవంతు అవుతుంది. ఈ పాటలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఉండేదే సెకనులో మూడోవంతు. అంటే గొంతు తాళం తప్పినట్టు చెవికి తెలిసిపోతుంది. అలాంటి పని అంత శుభ్రంగా కుదరడం నిజంగా గొప్ప విషయం.

పాట కట్టడం చూస్తే దీని బలం ఇంకా బాగా తెలుస్తుంది. ఇది పన్నెండు ఆవర్తనాల బ్లూస్, శ్రుతి ‘A’ మేజర్. ఒక్కో ఆవర్తనానికి నాలుగు దెబ్బలు. ‘A’ తీగకూర్పు (కార్డ్) మీద నాలుగు ఆవర్తనాలు, ‘D’ మీద రెండు, మళ్లీ ‘A’ మీద రెండు, ‘E’ మీద రెండు, తిరిగి ‘A’ మీద రెండు. ముందు ఎనిమిది ఆవర్తనాల ఎత్తుగడ: బ్యాండు ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది, ఆ ఖాళీలో హేలీ ఒకటి నుంచి పన్నెండు దాకా గంటలు లెక్కపెడతాడు. ఆ తర్వాత పన్నెండేసి ఆవర్తనాల చుట్లు ఏడు. రెండు చరణాలు, గిటార్ సోలో (గిటార్ ఒక్కటే ముందుండి వాయించే చుట్టు), మరో రెండు చరణాలు, గిటార్ శాక్సఫోన్ కలిసి ఒకే వరస పట్టుకుని వాయించే చుట్టు, ఆపైన చివరి చరణం. గంటలు కూడా చరణాల్లో వరసగా గడుస్తాయి. మొదటి దానిలో ఒంటిగంట, చివరి దానిలో పన్నెండు, అక్కడి నుంచి మళ్లీ మొదలు. ఎనిమిదికి ఎనభై నాలుగు కలిపితే తొంభై రెండు, ముగింపుతో సుమారు తొంభై ఆరు ఆవర్తనాలు. నిమిషానికి దాదాపు 180 దెబ్బల వేగంలో ఇది 128 సెకన్లు. ప్లేటు నిడివి కూడా 2 నిమిషాల 8 సెకన్లే. ఎక్కడా ఒక్క ఆవర్తనం వృథా లేదు.

కింద ఎడతెగకుండా టకటకమనే చప్పుడు మార్షల్ లైటిల్ వాయించిన డబుల్ బేస్‌ది, అంటే నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యానిది. తీగను లాగి వదిలితే అది చెక్కకు కొట్టుకుంటుంది, వెంటనే అరచేత్తో మరో దెబ్బ. హేలీ పాత రికార్డులు కొన్నిటిలో డ్రమ్ములే ఉండేవి కావు, ఆ లోటును ఈ బేసే తీర్చేది. ఇక్కడ గేబ్లర్ బిల్లీ గసాక్ అనే స్టూడియో డ్రమ్మర్‌ను పిలిపించాడు. దాంతో రెండు రకాల దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈ పాట వాయించబోయే నేటి బ్యాండ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎలక్ట్రిక్ బేస్ పెడితే టకటక పోతుంది. డ్రమ్మర్ దెబ్బను రెండు సమభాగాలు చేసి వాయిస్తే ఊగుడు పోయి బండి లాగినట్టుంటుంది. మొదటి సగం పొడుగ్గా, రెండో సగం పొట్టిగా పడాలి.

సోలో గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది వాయించిన డానీ సెడ్రోన్ కామెట్స్‌లో శాశ్వత సభ్యుడు కాదు, సెషన్‌కు వచ్చి వెళ్లేవాడు. సోలో కొత్తగా కట్టుకునే వ్యవధి లేకపోవడంతో 1952లో హేలీ ‘రాక్ ద జాయింట్’కు తానే వాయించినదాన్ని మళ్లీ దించేశాడు. రెండు రికార్డులూ వెంటవెంటనే వింటే పోలిక వెంటనే తెలుస్తుంది. పొడిపొడిగా తుంచిన స్వరాలతో మొదలై, ముగింపు దగ్గర మెట్టుమెట్టుకూ అర్ధస్వరం చొప్పున గబగబా కిందికి జారుతుంది. నేర్చుకునేవాళ్లకు ఆ జారుడు దగ్గరే చెయ్యి తడబడుతుంది. కుడిచేతి మీటు ప్రతి స్వరానికీ పైకీ కిందికీ మారుతూ ఉండాలి, ఒకే వైపు మీటితే ఆ వేగం అందదు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను సగం వేగంలో పెట్టుకుని మొదలుపెట్టడమే దీనికి మందు.

ఆ రోజు పనికి సెడ్రోన్‌కు ముట్టింది 21 డాలర్లు. జూన్ 7న ‘షేక్, రాటిల్ అండ్ రోల్’ సెషన్‌లో కూడా వాయించాడు. జూన్ 17న మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. 34వ పుట్టినరోజుకు ఇంకా మూడు రోజులుంది. తన సోలో ప్రపంచమంతా మోగడం ఆయన వినలేదు.

ప్లేటు డెక్కా 29124గా వచ్చింది. ముందు వైపు ‘థర్టీన్ విమెన్’, వెనక వైపు మన పాట. ఓడిందంటే హేలీ అనామకుడని కాదు. ఆ వేసవిలోనే ‘షేక్, రాటిల్ అండ్ రోల్’ పెద్ద హిట్టయింది. ఈ పాట మాత్రం రేడియోవాళ్లు ముందు వైపు వేసుకుంటుంటే వెనక ఉండిపోయింది.

ఆ ప్లేటు పీటర్ ఫోర్డ్ అనే పిల్లవాడి దగ్గర ఉంది. నటుడు గ్లెన్ ఫోర్డ్ కొడుకు, పదేళ్లు కూడా నిండలేదు. ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ దర్శకుడు రిచర్డ్ బ్రూక్స్ వాళ్లింటికి వచ్చినప్పుడు, ఈ కాలం పిల్లలు ఏం వింటున్నారో తెలుసుకోవడానికి ఆ అబ్బాయి రికార్డులు తీసుకెళ్లాడు. వాటిలో ఇదొకటి. సినిమా న్యూయార్క్‌లోని ఒక బడి గురించి. గ్లెన్ ఫోర్డ్ కొత్త మాస్టారు, సిడ్నీ పోయిటియర్, విక్ మారో విద్యార్థులు. మొదట బాలనేరాల గురించి తెర మీద అక్షరాలు నడుస్తాయి, వెనక సైనిక కవాతు లాంటి డ్రమ్ము. వెంటనే హేలీ గంటల లెక్క. ఇదే సినిమాలో ఒక లెక్కల మాస్టారు ఏళ్ల తరబడి ప్రాణంగా కూడబెట్టుకున్న జాజ్ ప్లేట్లను క్లాసుకు తెస్తాడు. పిల్లలు వాటిని గాల్లోకి విసిరి ముక్కలు చేస్తారు. పెద్దల సంగీతం నేల మీద పగిలి పడటం, పిల్లల సంగీతం టైటిల్స్ మీద మోగడం, రెండూ ఒకే సినిమాలో! పాట ఎంపికకు ఇంతకంటే సరైన చోటు దొరకదు.

రెండోసారి గెలవడానికి నా లెక్కలో మొదటి కారణం శబ్దం. అంతవరకూ కుర్రకారు ఈ తరహా పాటలు విన్నది అరచేతంత స్పీకరున్న రేడియోల్లో, చిన్న రికార్డు ప్లేయర్లలో. ఆ బేస్ టకటక, కప్పుకు తగిలి వచ్చిన ఆ డ్రమ్ము మోత వాటిలో వినపడవు. సినిమాహాల్లో తెర వెనకున్న పెద్ద స్పీకర్లలోంచి అవి ఛాతీకి తగిలాయి. అంత గట్టిగా రాక్ వినడం కుర్రవాళ్లకు అదే మొదలని రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కూడా తర్వాత రాశాడు. రెండో కారణం సందర్భం. ప్లేటు మీద ఫాక్స్‌ట్రాట్ (జంటలు ఆడే ఒక నాట్యం) అని అచ్చేసిన గీతం, ఆ టైటిల్స్ తర్వాత పిల్లల తిరుగుబాటు పాట అయిపోయింది. మాటల్లో తిరుగుబాటు ఎక్కడా లేదు, ఉన్నదల్లా రాత్రంతా ఆడుకుందామనే.

ఇంగ్లండ్‌లో ఇది 1955 జనవరిలో 17వ స్థానం దగ్గర ఆగి, సినిమా వచ్చాక నవంబరులో మొదటి స్థానం పట్టింది. 1955 వెనిస్ సినిమా ఉత్సవం నుంచి ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ను ఇటలీలోని అమెరికా రాయబారి క్లేర్ బూత్ లూస్ అభ్యంతరంతో తప్పించారు. 1956లో పాట పేరుతోనే కొలంబియా స్టూడియో ఒక సినిమా తీసింది. అది ఆడిన బ్రిటన్ హాళ్లలో కుర్రవాళ్లు సీట్ల మధ్య దారుల్లో గంతులేసి, సీట్లు కోసి గొడవ చేస్తే కొన్ని ఊళ్లలో నిషేధించారు. 1973లో ‘అమెరికన్ గ్రాఫిటీ’ సినిమా ఈ పాటతోనే మొదలైంది. మరుసటి ఏడు ‘హ్యాపీ డేస్’ టీవీ సీరియల్‌కు ఇదే ముఖగీతం. ఆ ఊపులో 1974లో పాత రికార్డు మళ్లీ అమెరికా జాబితాకెక్కి 39 దాకా వచ్చింది.

ఇప్పుడు వినబోయేవాళ్లకు ఒక జాగ్రత్త. హేలీ ఈ పాటను తర్వాత చాలాసార్లు పాడాడు. 1960లో వార్నర్ బ్రదర్స్‌కు ఒకసారి, 1973లో ‘హ్యాపీ డేస్’ కోసం ఇంకోసారి. చవక సంకలనాల్లో ఇలాంటివే ఎక్కువగా ఉంటాయి. అసలుది పోల్చుకోవడానికి మూడు గుర్తులు చాలు. నిడివి 2:08 దరిదాపుల్లో ఉండాలి. శబ్దం మోనో అయి ఉండాలి. డ్రమ్ములు ఎడమకూ గిటార్ కుడికీ విడివిడిగా వినిపిస్తే అది 1954 నాటిది కాదు. మూడోది సోలో: ‘రాక్ ద జాయింట్’ సోలోను దాని పక్కన పెట్టి వినండి, ఆ జారుడు అదే చేతిదైతే అది సెడ్రోన్ వాయించినదే.